మీ అలసట ఏ గంటకు వస్తోంది? అడ్రినల్ లోపంతో బతికే యువతకు

పొద్దున అలారం మోగుతుంది. కళ్లు తెరుచుకుంటాయి, ఒళ్లు మాత్రం లేవదు. ఎనిమిది గంటలు పండుకున్నా రాత్రంతా బస్తాలు మోసినట్టు ఉంటుంది. ఇంట్లో మాత్రం ఒకటే మాట: "రాత్రి పన్నెండు దాకా ఫోన్ చూస్తే ఇట్లే ఉంటాది."

ఆ మాట ఎంత మండుతుందో నాకు తెలుసు. ఇరవై రెండేళ్లప్పుడు నాకు అడిసన్ జబ్బు అని తేలింది, అంటే అడ్రినల్ గ్రంథులు దెబ్బతిని ఒంటికి కావాల్సిన హార్మోన్లు తయారుకాని జబ్బు. అంతకు ముందు ఏడాదిన్నర పాటు అనంతపురంలో మా వీధికంతా నేను పేరుమోసిన సోమరిని. చిగుళ్లు, అరచేతి గీతలు నల్లబడుతుంటే ఎండలో తిరిగినందుకే అన్నారు. బరువు తగ్గితే ప్రేమ వ్యవహారం అన్నారు. ఊరగాయ మీద కూడా ఉప్పు చల్లుకుని తింటుంటే మా జేజి ఒక్కతే "వీనికేదో అయ్యింది, పెద్దాస్పత్రికి తీసుకుపోండి" అంది.

జబ్బు పేరు తెలిసి, మాత్రలు మొదలయ్యాక చాలావరకు లేచి కూర్చున్నాను. కానీ పూర్తిగా కాదు. "రిపోర్టులు బాగున్నాయి కదా, ఇంకా ఏమి నీరసం?" అని అందరూ అడిగే దశ ఒకటి ఉంటుంది. ఈ గైడ్ ఆ దశలో ఉన్నవాళ్ల కోసం. మోతాదు మార్చేది మీ డాక్టరే. ఆయన ముందు పెట్టడానికి సరైన లెక్కలు తయారుచేసుకోవడం మన పని.

ముందు గడియారం సంగతి

మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే రెండు చిన్న గ్రంథులు అడ్రినల్స్. అవి తయారుచేసే కార్టిసాల్ అనే హార్మోన్ రోజంతా ఒకేలా ఉండదు. తెల్లవారుజామున రెండు మూడు గంటల నుంచి పెరగడం మొదలై, మనం లేచే వేళకు బాగా ఎక్కువగా ఉంటుంది. తర్వాత దిగుతూ దిగుతూ అర్ధరాత్రికి అడుక్కి చేరుతుంది. అంటే మామూలు మనిషి నిద్ర లేవకముందే అతని ఒళ్లు లేచి ఉంటుంది. మనకు ఆ గడియారం ఆగిపోయింది, మాత్రలతో చేత్తో తిప్పుకుంటున్నాం.

కార్టిసాల్‌కు బదులు మనం మింగే మాత్ర హైడ్రోకార్టిసోన్. అది రక్తంలో సుమారు గంటన్నరకే సగానికి పడిపోతుంది. అందుకే పెద్దవాళ్లకు మామూలుగా రోజుకు 15 నుంచి 25 మి.గ్రా. ఇస్తూ, దాన్ని రెండు లేదా మూడు భాగాలు చేస్తారు. పొద్దునది పెద్ద భాగం. దాని బదులు ప్రెడ్నిసోలోన్ మాత్ర అయితే ఎక్కువసేపు పనిచేస్తుంది కాబట్టి చాలామందికి పొద్దున ఒక్కసారే సరిపోతుంది.

మీకున్నది ఏ రకమో కూడా అడిగి తెలుసుకోండి. గ్రంథులే దెబ్బతింటే ప్రైమరీ, దాన్నే అడిసన్ జబ్బు అంటారు. 1855లో థామస్ అడిసన్ అనే ఇంగ్లండ్ డాక్టర్ దీని గురించి రాశాడు. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి సంకేతం రాకపోతే సెకండరీ. మోకాళ్ల నొప్పులకో, ఆయాసానికో, లావెక్కడానికో నెలల తరబడి స్టెరాయిడ్ మాత్రలు మింగి ఒక్కసారిగా ఆపేస్తే వచ్చేది ఇంకో రకం. మన పల్లెల్లో పేరు చెప్పకుండా పొట్లం కట్టి ఇచ్చే మాత్రల పుణ్యమా అని ఈ మూడోది తక్కువేమీ కాదు. పుట్టుకతో వచ్చే రకం కూడా ఉంది. రకం తెలియకుండా కింద చెప్పే ఉప్పు సలహా పాటించొద్దు.

మొదటి పని: రెండు వారాలు రాయండి

జేబులో పట్టే చిన్న నోట్‌బుక్ కొనండి. నేను మొదట లాంగ్ నోట్‌బుక్ కొని, మూడో రోజుకే దాన్ని ఇంట్లో మరిచిపోయాను. ఫోన్‌లో రాసుకున్నా సరే. రోజూ రాయాల్సినవి ఇవి:

- ఎన్నింటికి మెలకువ వచ్చింది, మంచం ఎన్నింటికి దిగారు (రెండూ వేరు)
- ప్రతి మాత్ర నిజంగా ఏ టైముకి పడింది. వేసుకోవాల్సిన టైము రాయొద్దు
- ఏమి తిన్నారు, ఎన్నింటికి
- పొద్దున పది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఐదు, రాత్రి తొమ్మిదికి ఓపిక పదికి ఎంత
- రాత్రి ఎన్నిసార్లు లేచారు, ఎందుకు: ఒంటేలుకా, ఆకలికా, చెమటకా, ఊరికేనా

ఇంట్లో బీపీ మిషన్ ఉంటే వారానికి రెండుసార్లు ఐదు నిమిషాలు పడుకుని ఒకసారి, లేచి నిలబడ్డాక మూడు నిమిషాల లోపు ఇంకోసారి చూడండి. నిలబడగానే పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతుంటే డాక్టర్‌కి తప్పక చెప్పండి.

పద్నాలుగు రోజులు అయ్యాక వెనక్కి తిప్పి చూడండి. మనం "ఎప్పుడూ నీరసమే" అంటాం. రాసి చూస్తే నీరసానికి ఒక టైము ఉంటుంది. నా నోట్‌బుక్‌లో పొద్దున పది గంటల అంకె రోజూ రెండు, మూడు. మధ్యాహ్నం రెండుకు ఏడు. కారణం మా అమ్మ. ఖాళీ కడుపున మాత్ర వేసుకుంటే పేగులు కాలిపోతాయని ఆమె నమ్మకం. ఆరు గంటలకు లేచేవాణ్ని, ఉగ్గాని బజ్జీ తిన్నాక తొమ్మిదిన్నరకు మాత్ర వేసుకునేవాణ్ని. ఒంట్లో కార్టిసాల్ నిండుగా ఉండాల్సిన మూడున్నర గంటలు చుక్క లేకుండా నడిపాను, అది కూడా క్లాక్ టవర్ దగ్గర ఆఫీసులో లెక్కలు రాస్తూ. ఆ తప్పు పట్టుకోవడానికి స్కాన్ అక్కర్లేకపోయింది. డాక్టర్ ఒక పేజీ చూసి, నవ్వి, "మీ అమ్మగారిని ఒకసారి తీసుకురండి" అన్నారు.

పొద్దున లేవలేకపోతుంటే

మాత్ర, నీళ్ల చెంబు దిండు పక్కనే పెట్టుకోండి. లేవాల్సిన టైముకి అరగంట, గంట ముందు ఒక అలారం పెట్టండి. అది మోగగానే మాత్ర మింగి మళ్లీ పడుకోండి. రెండో అలారానికి ఒళ్లు మీ మాట వింటుంది. ఈ జబ్బుతో బతికేవాళ్లు చాలామంది పాటించే పద్ధతి ఇదే, నాకూ అన్నిటికన్నా బాగా పనిచేసింది ఇదే. మంట ఉంటే ఒక బిస్కెట్టో, రెండు గుక్కల పాలో చాలు, పూర్తి టిఫిన్ దాకా ఆగొద్దు. ఒంట్లో ఉప్పును నిలిపే మాత్ర ఫ్లూడ్రోకార్టిసోన్ రాసి ఉంటే మామూలుగా అదీ పొద్దునే.

సెలవు రోజు పదకొండు దాకా పడుకుంటే ఆదివారం సాయంత్రానికి తల పగిలిపోతుంది. అది నిద్ర ఎక్కువై కాదు, మాత్ర ఆలస్యమై. పడుకోండి, కానీ అలారం పెట్టుకుని మాత్ర వేసుకుని పడుకోండి.

మధ్యాహ్నం, సాయంత్రం కూలబడుతుంటే

రెండో మాత్ర మరిచిపోవడం చాలా మామూలు. పొద్దునది మంచం పక్కన ఉంటుంది, రెండోది ఇంట్లో ఉండి మనం ఆఫీసులో ఉంటాం. టిఫిన్ క్యారియర్ మూతకు ఒక చిన్న పొట్లం టేపుతో అతికించుకోండి. కొందరికి రెండు మాత్రల మధ్య దూరం ఎక్కువై మూడు గంటలకే దీపం కొండెక్కినట్టు అవుతుంది. అప్పుడు డాక్టర్ అదే మొత్తాన్ని మూడు భాగాలు చేస్తారేమో అడగండి.

సాయంత్రం నీరసంగా ఉందని ఏడు గంటలకు సొంతంగా ఒక మాత్ర ఎక్కువ వేసుకోవడం మాత్రం వద్దు. నేను చేశాను కాబట్టి చెబుతున్నా. రెండు గంటలు బ్రహ్మాండంగా ఉంటుంది. తర్వాత రాత్రి రెండు దాకా కళ్లు మూతపడవు. మరుసటి రోజు ఇంకా నీరసం, ఇంకో మాత్ర. ఇలా నెలలు గడిస్తే ముఖం ఉబ్బుతుంది, బరువు పెరుగుతుంది, లోపల ఎముకలు గుల్లబారతాయి. రోజు చివరి మాత్రకూ పడకకూ కనీసం నాలుగు నుంచి ఆరు గంటల ఎడం ఉండాలి. పదికి పడుకునేవాళ్లు నాలుగు దాటాక వేసుకోకూడదనే లెక్క పెట్టుకోండి.

పరీక్షలు, ఇంటర్వ్యూలు, ఆఫీసు టెన్షన్ లాంటి వాటికి మామూలుగా అదనపు మాత్ర అక్కర్లేదు. ఇంట్లో చావు లాంటి పెద్ద దెబ్బ తగిలితే డాక్టర్‌కి ఫోన్ చేయండి.

మధ్యాహ్నం కునుకు తప్పేమీ కాదు. ఇరవై, ముప్పై నిమిషాలు, అది కూడా మధ్యాహ్నం మూడు కొట్టేలోపు. దానికీ అలారం పెట్టాలి, లేకపోతే మన ఎండాకాలం మధ్యాహ్నాలు మనిషిని ఐదు దాకా లేవనివ్వవు.

రాత్రి మూడు గంటలకు మెలకువ వస్తుంటే

నోట్‌బుక్‌లో రాసిన కారణాన్ని బట్టి దారి వేరు.

చెమట, వణుకు, ఆకలి, తలనొప్పితో లేస్తుంటే చక్కెర పడిపోతోందేమో చూడాలి. కార్టిసాల్ లేని ఒళ్లు రాత్రి పస్తుకు తట్టుకోలేదు. ఎవరి దగ్గరైనా షుగర్ మిషన్ అడిగి ఆ టైములోనే ఒకసారి చూడండి. 70 కన్నా తక్కువ వస్తే వెంటనే ఏదైనా తీపి తిని, పొద్దున డాక్టర్‌కి చెప్పండి. పడుకునే ముందు చిన్న తిండి అలవాటు చేసుకుంటే చాలామందికి తేలికవుతుంది. మా ఇంట్లో గుప్పెడు వేయించిన చెనిక్కాయలు, ఒక గ్లాసు పాలు. ఏడు గంటలకే సంగటి తిని పండుకునే ఇళ్లలో ఇది ఇంకా అవసరం.

ఒంటేలుకు పదేపదే లేస్తుంటే ఆ మాట కూడా రాసి చూపించండి. దాహం కూడా విపరీతంగా ఉంటే మరీ ముఖ్యం, షుగర్ పరీక్ష చేయించాల్సి రావచ్చు. ఆటోఇమ్యూన్ అడిసన్ (ఒంటి రక్షణ వ్యవస్థే గ్రంథులను దెబ్బతీసేది) ఉన్న కొందరికి టైప్ 1 షుగర్ కూడా తోడవుతుంది.

ఊరికే మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టకపోతే మొదట చివరి మాత్ర టైము, తర్వాత టీ టైము చూసుకోండి. నాలుగు తర్వాత టీ మానేయమంటే మన దగ్గర సగం స్నేహాలు తెగిపోతాయి, నాకు తెలుసు. టీ కొట్టుకు వెళ్లండి, మజ్జిగ తాగండి, లేదా ఊరికే నిలబడండి. ఫోన్ గురించి మా అమ్మ చెప్పేదాంట్లో కాస్త నిజం ఉందని కూడా ఒప్పుకోవాల్సిందే.

ఎండాకాలంలో కరెంటు పోయి గదిలో ఉడికిపోతుంటే మిద్దె మీద పండుకోండి. అక్కడికి వెళ్లినా మాత్ర, నీళ్లు వెంట ఉండాలి. పొద్దునే ఎండ పడి లేచి, దిగి, వెతుక్కుని వేసుకునేసరికి గంట పోతుంది.

ఉప్పు, ఎండ

ఇది ప్రైమరీ రకం వాళ్లకు. మనలో ఉప్పును నిలిపే ఆల్డోస్టిరాన్ అనే హార్మోన్ కూడా ఉండదు కాబట్టి ఒళ్లు ఉప్పును పట్టి ఉంచుకోలేదు, అది ఒంటేలులో పోతుంది. ఏప్రిల్, మే నెలల్లో అనంతపురం, కర్నూలు, కడపల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు చెమటలోనూ పోతుంది. ఆ నెలల్లో వచ్చే నీరసం చాలాసార్లు కార్టిసాల్ నీరసం కాదు, ఉప్పు నీరసం. గుర్తు ఏమిటంటే నిలబడగానే కళ్లు బైర్లు కమ్మడం, ఉప్పు కోసం నోరు లాగడం, పిక్కలు పట్టేయడం. హైడ్రోకార్టిసోన్ పెంచుకుంటూ పోతే ఇది తీరదు. ఎండాకాలానికి ఫ్లూడ్రోకార్టిసోన్ కొంచెం పెంచాలా అని మార్చి నెలలోనే డాక్టర్‌ని అడగండి.

ఉప్పు వేసిన పలచటి మజ్జిగ, ఊరగాయ, ఉప్పు పట్టించిన చెనిక్కాయలు మనకు కొత్తవి కావు. చెమట బాగా పట్టిన రోజు ఓఆర్ఎస్ ప్యాకెట్ దాని మీద రాసినన్ని నీళ్లలో కలిపి తాగండి. డబ్బాలో అమ్మే తియ్యటి పానీయాలన్నీ ఓఆర్ఎస్ కావు.

టెంకాయ నీళ్ల దగ్గర కొంచెం ఆగండి. ఎండదెబ్బ అనగానే ఊరంతా అవే తాగమంటుంది. వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. మనకు సరిగ్గా ఉల్టా సమస్య: సోడియం తగ్గుతుంది, పొటాషియం పెరుగుతుంది. ఒకరోజు ఒక కాయ తాగితే ప్రళయం రాదు, కానీ కళ్లు తిరుగుతున్నప్పుడు వాటినే మందు అనుకోవద్దు. దగ్గుకు అతిమధురం వాడేవాళ్లూ డాక్టర్‌కి చెప్పాలి. అది ఒంట్లో ఉప్పును నిలిపి, బీపీ పెంచి, మందుల లెక్క తప్పిస్తుంది.

బీపీ ఎక్కువున్నవాళ్లు, కాళ్లు వాస్తున్నవాళ్లు, సెకండరీ రకం వాళ్లు ఉప్పు పెంచకూడదు.

టైములన్నీ సరిచేసినా నీరసం పోకపోతే

అప్పుడు అన్నిటికీ అడ్రినల్‌నే నిందించకండి. డాక్టర్‌ని ఇవి అడగండి: హిమోగ్లోబిన్, ఐరన్, థైరాయిడ్, బి12, విటమిన్ డి, సోడియం, పొటాషియం. ఆటోఇమ్యూన్ రకం వాళ్లకు థైరాయిడ్ తోడవడం మామూలే. అయితే కార్టిసాల్ సంగతి చూడకుండా థైరాయిడ్ మాత్ర మొదలుపెడితే ప్రాణం మీదకు రావచ్చు, కాబట్టి కొత్త డాక్టర్‌కి మీ జబ్బు పేరు ముందు చెప్పండి. టీబీ వల్ల అడ్రినల్స్ పోవడం మన దేశంలో ఇప్పటికీ చూస్తున్నారు. టీబీ మందుల్లో రిఫాంపిసిన్ హైడ్రోకార్టిసోన్‌ను ఒంట్లోంచి త్వరగా ఖర్చు చేసేస్తుంది. ఆ కోర్సు మొదలైన కొద్ది రోజులకే కూలబడితే మోతాదు పెంచాల్సి ఉంటుంది. కొన్ని ఫిట్స్ మందులూ ఇలాగే చేస్తాయి.

మనసు సంగతి కూడా ఇక్కడే. మాత్ర టైముకి ముందు వచ్చే చిరాకు ఒకటి, వారాల తరబడి దేని మీదా ఆశ లేకపోవడం ఇంకొకటి. మొదటిది నోట్‌బుక్‌లో దొరుకుతుంది. రెండోదానికి మనిషితో మాట్లాడాలి. 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) వాళ్లు ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. పెళ్లి మాటలు వచ్చే వయసులో ఈ జబ్బు దాచాలనే ఒత్తిడి కూడా నిద్ర చెడగొడుతుంది. మందులు సరిగ్గా వాడుతూ పెళ్లి చేసుకుని, పిల్లల్ని కని బతుకుతున్నవాళ్లు ఉన్నారు. మా పెదనాన్నకు నేను అమెరికా అధ్యక్షుడు కెన్నెడీకి కూడా అడిసన్ జబ్బే అని చెప్పాను. "అయితే అమెరికా సంబంధమే చూద్దాంలే" అన్నాడు.

నైట్ షిఫ్టు, ఉపవాసం

బెంగళూరులో నైట్ షిఫ్టు చేసేవాళ్లకు పొద్దున అంటే సూర్యుడు కాదు, మీరు నిద్ర లేచే టైము. సాయంత్రం ఐదుకు లేస్తే పెద్ద మాత్ర ఐదుకే. అసలు కష్టం వారం వారం షిఫ్టు మారడం. కుదిరితే ఒకే షిఫ్టు అడగండి, దానికి డాక్టర్ లెటర్ పనికొస్తుంది.

రంజాన్ ఉపవాసాలున్నా, ఏకాదశి పస్తులున్నా కొన్ని వారాల ముందే డాక్టర్‌తో మాట్లాడండి. వద్దంటే వద్దనే అర్థం. అలిపిరి మెట్లు ఎక్కాలనుకున్నా ఇదే మాట: అదనపు మాత్ర కావాలా, ఎప్పుడు కావాలా అనేది ముందే అడిగి రాయించుకోండి.

నీరసం కాదు, ప్రమాదం అని ఎప్పుడు గుర్తించాలి

జ్వరం వస్తే మోతాదు పెంచాలి. పెద్దవాళ్లకు సాధారణంగా చెప్పే లెక్క: 100.4 డిగ్రీలు దాటితే హైడ్రోకార్టిసోన్ రెట్టింపు, 102.2 దాటితే మూడింతలు, తగ్గేదాకా రెండు మూడు రోజులు. తర్వాత మళ్లీ పాత మోతాదు. మీ సొంత లెక్క డాక్టర్ చేత కాగితం మీద రాయించుకుని ఫ్రిజ్ తలుపుకు అతికించండి. మాత్రలు ఎప్పుడూ ఒక్కసారిగా ఆపకూడదు. మెడికల్ షాపులో స్టాకు లేదంటే ఒక వారం సరుకు ఉండగానే ఇంకో ఊళ్లో వెతకడం మొదలుపెట్టాలి. హైడ్రోకార్టిసోన్ మాత్రలు ప్రతి షాపులో దొరికే రకం కాదు.

వాంతులో, విరేచనాలో పట్టుకుని మాత్ర కడుపులో నిలవకపోయినా, మాట తడబడినా, లేపితే లేవకపోయినా అది అడ్రినల్ క్రైసిస్, అంటే ప్రాణాపాయం. హైడ్రోకార్టిసోన్ 100 మి.గ్రా. ఇంజెక్షన్ తొడ బయటివైపు కండకు వెంటనే పడాలి, 108కి ఫోన్ చేయాలి. ఇంజెక్షన్ తర్వాత బాగైనట్టు అనిపించినా ఆస్పత్రికి వెళ్లాల్సిందే, సెలైన్ అవసరం ఉంటుంది. ఎలా వేయాలో ఇంట్లో ఇద్దరికి నేర్పించమని డాక్టర్‌ని అడగండి. ఒకరికి నేర్పితే ఆ ఒక్కరు ఆరోజు పెళ్లికి వెళ్లి ఉంటారు.

పర్సులో ఒక కార్డు, తెలుగులో ఒకవైపు, ఇంగ్లీషులో ఒకవైపు: "నాకు అడ్రినల్ లోపం ఉంది. స్పృహ తప్పినా, వాంతులు అవుతున్నా వెంటనే హైడ్రోకార్టిసోన్ 100 మి.గ్రా. ఇంజెక్షన్, సెలైన్ ఇవ్వాలి." ఒకసారి క్యాజువాలిటీలో నన్ను గ్యాస్ అని చెప్పి బల్ల మీద కూర్చోబెట్టారు. మా తమ్ముడు ఆ కార్డు తీసి బల్ల మీద పెట్టాక పని కదిలింది. హాస్టల్ రూమ్‌మేట్‌కి, ఆఫీసులో పక్క సీటు మనిషికి కార్డు ఏ జేబులో ఉందో చెప్పి ఉంచండి.

ఇంజెక్షన్ సీసాలను బైక్ డిక్కీలో మాత్రం పెట్టకండి. మే నెలలో అది పొయ్యి. ఆఫీసు బీరువాలో ఒక సెట్టు, ఇంట్లో చల్లటి గదిలో ఒక సెట్టు. వాటి మీది ఎక్స్‌పైరీ తేదీని నోట్‌బుక్ మొదటి పేజీలో ఎర్ర పెన్నుతో రాసుకోండి.